నీళ్ళ బరువు

మా ఆయన్ని కాటా ఎక్కించాలన్న ఆలోచన మా అత్త లూర్దమ్మది కాదు. మా గుడి ఉపదేశి యేసుపాదానిది. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇప్పుడు ఊళ్ళో ఎవర్ని కదిలించినా ఆ ముసలిదే కొడుకుని చేజేతులా చంపుకుందని అంటున్నారు. నేనేమీ మా అత్తను వెనకేసుకు రావడం లేదు. ఆమెను అనాల్సినవన్నీ ఆమె మొహం మీదే అన్నాను. కానీ ఊరంతా కలిసి చేసిన పనికి ఒక్క ముసలిదాన్ని ముందుకు తోసి, మిగతావాళ్ళు ఇస్త్రీ బట్టలు కట్టుకుని పూజకు పోతుంటే నాకు ఒళ్ళు మండుతోంది.

మాది మాచర్లకూ గురజాలకూ మధ్య రోడ్డు మీది ఊరు. ఊళ్ళో సగం మందిమి కతోలికులం. ఫాదరుగారు నెలకొకసారి వచ్చి పూజ చేసి వెళ్ళిపోతారు. మిగిలిన ఆదివారాలు ప్రార్థన చదివించేది, తగవులు తీర్చేది, ఎవరు ఏ బెంచీ మీద కూర్చోవాలో చెప్పేది యేసుపాదమే.

మా ఆయన అంతోని లారీ డ్రైవరు. మాచర్ల నాపరాళ్ళు బొంబాయికి తోలేవాడు. ఎనభై ఎనిమిది చలికాలంలో బొంబాయిలోనే జ్వరంతో పడిపోతే అక్కడి ఆసుపత్రిలో టీబీ అన్నారు. రక్తం పరీక్ష చేసి ఎయిడ్స్ కూడా ఉందని కాగితం రాసి చేతికిచ్చారు. ఆయన ఊళ్ళో బస్సు దిగేసరికి, తోటి డ్రైవరు ఎవడో ఆ కబురు ఆయనకంటే ముందే దింపేసి పోయాడు.

ఆ రోగం ఆయనకెట్లా వచ్చిందని నన్నడగొద్దు. నేను ఆయన్ని అడిగాను, ఆయన చెప్పాడు. ఆ రోజు చేతికందిన గిన్నెలన్నీ ఆయన మీదికి విసిరాను. మర్నాడు సొట్టలు పడ్డ ఆ గిన్నెల్లోనే వండిపెట్టాను. నాకు ఆయన మీద కోపం తీరలేదు. తీరకముందే ఆయన పోయాడు. నా రక్తం కూడా చూపించుకోవాలి, చూపించుకుంటాను. ముందు ఈ సంగతి చెప్పనివ్వండి.

కబురు తెలిసిన వారంలోనే మమ్మల్ని బోరింగు దగ్గరికి రావద్దన్నారు. నా బిందెను కాలితో పక్కకు నెట్టింది మా వీధిలో నేను పురుడు పోసిన మనిషే. గుళ్ళో మాకు బెంచీ లేదు, బయట అరుగు మీద కూర్చోమన్నారు. బళ్ళో మా సెలీనను గోడ పక్కన విడిగా కూర్చోబెడితే, పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. దాన్ని తీసుకుపోయి నాదెండ్లలో మా అమ్మ దగ్గర వదిలివచ్చాను. ఎనిమిదేళ్ళ పిల్ల బస్సు కిటికీలోంచి నన్ను చూస్తూ ఏడవలేదు, తల తిప్పుకుంది. అంతోని అప్పటినుంచి ఆ పిల్ల పేరు ఎత్తకుండా ఒక పూట కూడా గడపలేదు. నేను సాగర్ కాలువ దాకా పోయి నీళ్ళు మోసుకొచ్చేదాన్ని.

టీబీ బిళ్ళలు బాగానే పనిచేశాయి. ఎండలు ముదిరేసరికి దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. మా అత్త పొంగిపోయి, సెప్టెంబరులో మాత పండగనాడు కొడుకు బరువుకు సరితూగే బెల్లం పంచుతానని మొక్కుకుంది. మా ఊళ్ళో ఇది కొత్తేమీ కాదు. పెద్ద జబ్బు చేసి లేచినవాళ్ళని మిరపకాయల కొట్లోని పెద్ద కాటాలో ఒకవైపు కూర్చోబెట్టి, రెండోవైపు బెల్లం దిమ్మలు పేర్చి, ఆ బెల్లం అందరికీ పంచుతారు. ఎప్పటినుంచో ఉన్న మొక్కు.

ఆ మొక్కుని పట్టుకుని పరీక్షగా మార్చినవాడు యేసుపాదం. గుడి ముందర పెద్దల్ని కూర్చోబెట్టి, మా అత్త వింటుండగా, నేను అరుగు మీద నిలబడి ఉండగా అన్నాడు.

"ఆ రోగమొచ్చినోడు ఎండిపోతాడు. పేపర్లో బొమ్మేసి మరీ చెప్పారు. మన అంతోని ఎండిపోతన్నాడో ఒళ్ళు చేస్తన్నాడో కాటానే చెప్పుద్ది. ప్రతాదివారం తూకం ఏద్దాం. పండగ నాటికి పెరిగాడా, ఆ బొంబాయి కాగితం తప్పు. బోరింగు కాడికి రానిద్దాం, గుళ్ళోకి రానిద్దాం, పిల్లని బళ్ళో అందరితో కూర్చోబెట్టిద్దాం. తగ్గాడా, ఇంక మనమేం చేస్తాం, దేవుడి చిత్తం."

పెద్దలందరూ తలలూపారు. ఇంత న్యాయమైన మాట వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక విననట్టే ఊపారు. మా అత్త అయితే యేసుపాదం చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. బొంబాయి డాక్టర్లు రక్తంలో చూసి చెప్పినదాన్ని, మిరపకాయలు తూచే కాటా కాదని చెబుతుందట! నేను నోరు తెరవబోతే అంతోని నా చెయ్యి నొక్కాడు. ఆయన కళ్ళల్లో ఆశ కనపడింది నాకు. పిల్ల ఇంటికి వస్తుందన్న ఆశ.

ఆ తర్వాత ఆదివారాలు తిరనాళ్ళే. ప్రార్థన అయిపోగానే కాటా గొలుసులు గుడి ముందు వసారా దూలానికి వేలాడదీసేవాళ్ళు. అంతోని చెప్పులు విడిచి పలక మీద కూర్చునేవాడు. రెండోవైపు ఇనప గుండ్లు ఒక్కొక్కటే పెట్టి, యేసుపాదం వాక్యం చదివే గొంతుతో బరువు చదివేవాడు. పెరిగాడు. మళ్ళీ వారం ఇంకా పెరిగాడు. జనం "స్తోత్రం" అని అరిచేవాళ్ళు. చంటిపిల్లను తూచినప్పుడు తల్లి మురిసినట్టు మా అత్త మురిసిపోయేది. కొడుకు ఇంకా పెరగాలని రోజూ ఉప్పుచేపలు వేయించేది, గోంగూర పచ్చట్లో ఊరమిరపకాయలు నంజుకోమనేది, గ్లాసు మజ్జిగలో గుప్పెడు ఉప్పు పోసి తాగించేది. ఉప్పు తింటే నీరసం పోతుందని ఆమె నమ్మకం.

నాకు మాత్రం అనుమానం మొదలైంది. బరువు పెరిగిన మనిషికి బలం రావాలి కదా! ఈయన వీధి చివర కిళ్ళీ కొట్టు దాకా నడిచి రావడానికి మూడు చోట్ల ఆగేవాడు. పడుకుంటే ఊపిరాడడం లేదని పరుపు చుట్ట వీపుకి పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవాడు. పంట్లాం గుండీ పట్టేది కాదు, మెడ సన్నంగానే ఉండేది. ఒక సాయంత్రం కాళ్ళు నొప్పులంటే పిసుకుతుంటే నా బొటనవేలు పిక్కలోకి దిగిపోయింది. వేలు తీశాక కూడా ఆ గుంట అట్లాగే ఉండిపోయింది.

"అత్తా, ఇటు చూడు," అన్నాను. "ఇది ఒళ్ళు కాదు, వాపు. నీరు పట్టింది."

"నా బిడ్డ బాగుపడతంటే నీ కళ్ళు మండతన్నయ్యా ఏందే!" అంది మా అత్త. "నోటికొచ్చిన మాటల్లా అనమాక. బయటోళ్ళు ఇంటారు."

ఆమె భయం అదీ. వాపని తెలిస్తే తూకం చెల్లదు.

నేను ఎవరికీ చెప్పకుండా అంతోనిని నరసరావుపేట తీసుకుపోయాను. పేరున్న డాక్టరు, పెద్ద మేడ, బయట జనం. మా వంతు వచ్చినప్పుడు దాచడం ఎందుకని బొంబాయి కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చదివి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. అప్పటిదాకా మెడలో ఉన్న గుండె చూసే గొట్టాన్ని తీసి సొరుగులో పెట్టేశాడు. దొంగలొస్తే నగలు దాచుకున్నట్టు దాచుకున్నాడు.

"దీనికి మందు లేదమ్మా. ఇంటికి తీసుకుపో," అన్నాడు.

"దానికి లేదు సార్. కాళ్ళ వాపుకి, ఆయాసానికి అడుగుతన్నా. ఈయనకి బీపీ ఉందని లైసెన్సు అప్పుడు చూసిన డాక్టరు చెప్పాడు. నెల్లాళ్ళు బిళ్ళలు మింగి తలనొప్పి తగ్గంగనే మానేశాడు. ఒకసారి బీపీ చూడండి."

"అన్నీ అందులోవే. చూసి చేసేదేముంది?"

బీపీ చూసే పెట్టె మా ఇద్దరి మధ్య బల్ల మీదే తెరిచి ఉంది. మూరెడు గుడ్డ పట్టీ. నా ముందు వచ్చిన షావుకారుకి కట్టారు, ఆయన వెనకొచ్చిన ముసలమ్మకి కట్టారు. ఆ పట్టీ నా మొగుడి చేతికి చుడితే ఏం పోతుంది? గుడ్డకు రోగం అంటుతుందా? నేను లేచి పట్టీ చేతిలోకి తీసుకున్నాను.

"మీరు ముట్టుకోబాకండి. నేను కడతా. మీరు దూరంనుంచి పంపు కొట్టి చదవండి, చాలు."

"ఏయ్! అక్కడ పెట్టు! కాంపౌండర్!" అని ఆయన కుర్చీలోంచి లేచాడు. బయట కూర్చున్న వాళ్ళంతా తలుపు దగ్గరికి వచ్చారు. కాంపౌండరు నన్ను కాదు, తలుపుని పట్టుకుని నిలబడి "బయటికి రామ్మా" అన్నాడు. మేము మెట్లు దిగుతుంటే వెనక ఆ పట్టీని స్పిరిట్‌తో తుడవమనడం వినపడింది. అంతోని చేతికి అది తగలనేలేదు. అంతోని మెట్ల మీదే కూర్చుండిపోయి, "ఏమే, నేను మనిషినేనా?" అన్నాడు. అంత చదువుకున్న ఆ డాక్టర్ని నడిబజారులో నిలబడి తిట్టాను. తిట్టినందుకు ఇప్పటికీ సంతోషమే.

సత్తార్ మాకు దారి చూపించాడు. సత్తార్ మాచర్లలో లారీలకి కరెంటు పని చేసే మెకానిక్కు, అంతోనికి చిన్నప్పటినుంచీ స్నేహితుడు. ఈ గొడవంతా మొదలయ్యాక కూడా మా ఇంట్లో మా గ్లాసుతో టీ తాగినవాడు ఆయనొక్కడే.

"సాగర్ డ్యాము కాడ విజయపురి సౌత్‌లో ఒక డాక్టరున్నాడు చెల్లెమ్మా," అన్నాడు. "మనిషి చానా విసుగు. కసురుకుంటాడు. గానీ చూస్తాడు. లారీ తీస్తా, ఎక్కండి."

సత్తార్ చెప్పింది నిజం. ఆ డాక్టరు ముందు నన్నే కసిరాడు, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారని. బొంబాయి కాగితం చదివి పక్కన పెట్టాడు. పట్టీ తీసి అంతోని చేతికి తనే చుట్టాడు. నేను ఆయన వేళ్ళవంకే చూస్తున్నాను. పట్టీ సరిగ్గా కూర్చోలేదని విప్పి, చొక్కా చెయ్యి పైకి మడిచి, మళ్ళీ చుట్టాడు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. బీపీ పై అంకె రెండొందల దగ్గర ఉంది. వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

"ఏళ్ళ తరబడి బీపీ. చూసుకోలేదు. గుండె సాగిపోయింది, నెత్తురు తోడలేకపోతోంది. అందుకే నీరు ఒంట్లో నిలబడిపోతోంది. ఊపిరితిత్తుల్లో కూడా ఉంది," అన్నాడు.

"ఆ రోగం వల్లేనా సార్?"

"ఆ రోగం గుండెని కూడా పాడుచేస్తుందని ఈ మధ్యే రాస్తున్నారు. బీపీ తోడైంది. ఎవరి వాటా ఎంతో నాకు తెలీదమ్మా. ఆ రోగానికి నా దగ్గర మందు లేదు. దీనికి ఉంది. ఈయన ఇప్పుడు చచ్చిపోతున్నది దీనితో."

ఈ మాట నేను మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాను. మందు ఉంది. ఏ మందుల షాపులోనైనా దొరికే మందు. దానికోసం బొంబాయి పోనక్కర్లేదు, నరసరావుపేటలో ఆ మేడ కిందే మందుల షాపు ఉంది.

ఆ డాక్టరు సూది వేశాక అంతోని పొద్దుగూకేదాకా ఒంటికి పోతూనే ఉన్నాడు. సత్తార్ లెక్కపెట్టి నవ్వడం మొదలుపెట్టాడు, "ఏందిరా, సాగర్ గేట్లెత్తావా?" అని. అంతోని కూడా నవ్వాడు. మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో, నెలల తర్వాత మొదటిసారి, వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. చెంపలు లోపలికి పోయాయి, కాళ్ళ ఎముకలు బయటపడ్డాయి. ఊపిరి మాత్రం చక్కగా ఆడుతోంది. డాక్టరు మూడు రకాల బిళ్ళలిచ్చాడు. ఒకటి నీళ్ళకి, ఒకటి బీపీకి, ఒకటి గుండెకి. ఉప్పు పూర్తిగా మానమన్నాడు.

"బరువు తగ్గాలి. తగ్గుతుంటే మందు పనిచేస్తున్నట్టు. పెరిగిందా, వెంటనే నా దగ్గరికి రావాలి," అన్నాడు.

ఇంటికి తిరిగొస్తూ లారీలో నేను ఆ మాటే తలుచుకున్నాను. డాక్టరు కాటాకీ ఊరి కాటాకీ మధ్య నా మొగుడు ఇరుక్కున్నాడు. బతకాలంటే తగ్గాలి, ఊళ్ళో బతకనివ్వాలంటే పెరగాలి.

ఆ ఆదివారం తూకంలో ఎక్కువే తగ్గాడు. యేసుపాదం బరువు చదివాక ఒక్కరూ స్తోత్రం అనలేదు. ముందు వరసలో ఉన్న ఆడవాళ్ళు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. మా అత్త ఇంటికి వచ్చి గుండెలు బాదుకుని ఏడ్చింది.

"ఆ బిళ్ళలు నా బిడ్డని కరిగిస్తన్నయ్! పండగింకా మూడు వారాలుంది. ఊళ్ళో తలెత్తుకునేదెట్టా?"

"అత్తా, నువ్వు తలెత్తుకోవడం కాదు, నీ కొడుకు ఊపిరి తీసుకోవాలి!" అని నేను అరిచాను. ఉప్పుచేపల బుట్ట తీసి వీధిలోకి విసిరేశాను.

రెండు వారాలు నేనే వండి, నేనే పెట్టాను. బిళ్ళలు నా చేత్తోనే ఇచ్చాను. అయినా కాళ్ళు మళ్ళీ పొంగడం మొదలైంది. ఎందుకో తెలియక పిచ్చెక్కిపోయింది. కాలువలో బట్టలు ఉతుకుతుంటే ఆయన ఖాకీ చొక్కా జేబులోంచి బిళ్ళలు రాలాయి. తడిసి పిండిపిండిగా అయిపోయినవి కొన్ని, గట్టిగా ఉన్నవి కొన్ని. నాలుక కింద పెట్టుకుని, నేను అటు తిరగ్గానే ఉమ్మేసి జేబులో వేసుకున్నాడు.

తడి చొక్కాతోనే ఇంటికి పరుగెత్తాను. అంతోని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. వాళ్ళమ్మ పక్కనే ఉంది, చేతిలో మజ్జిగ గ్లాసు.

"ఏందిది?" అని చొక్కా ఆయన ఒళ్ళోకి విసిరాను.

"అరవమాకే. నేనే మానేశా. అమ్మని అనమాక," అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "పండగ దాకానే. కాటా మీద బరువు తూగాల. తూగితే సెలీన ఇంటికొస్తది. నువ్వు కాలవ నీళ్ళు మొయ్యక్కర్లేదు."

"ఆ బరువుకి నువ్వు చస్తావ్! డాక్టరు చెప్పింది ఇన్లేదా?"

"ఇన్నా. సూదేస్తే ఒక్క పూటలో దిగింది గదా. పండగ దాటంగనే సాగర్ పోదాం, మళ్ళీ దిగుద్ది. లోడెక్కించడం, దించడం... నా పనే గదే అది."

ఇరవై ఏళ్ళు లారీ తోలిన మనిషి. ఒంట్లో నీళ్ళు కూడా నాపరాళ్ళలాంటివేనని, కావలసినప్పుడు ఎక్కించి అక్కర్లేనప్పుడు దించుకోవచ్చని నమ్మాడు. నేను తిట్టాను, కొట్టాను, కాళ్ళు పట్టుకున్నాను. ఆయన మొండికేశాడు. తను చచ్చాక నన్నెవరూ ఈ ఊళ్ళో ఉండనివ్వరని, పిల్ల ఎక్కడికి పోతుందని అన్నాడు. ఆ మాట మాత్రం నిజం.

ఇంక మిగిలింది ఒక్కటే. యేసుపాదం ఇంటికి పోయాను. గుమ్మం బయటే నిలబడమన్నాడు, నిలబడే చెప్పాను. అది కండ కాదు, నీరని. గుండె పాడైందని. బిళ్ళలు మానేశాడని. నువ్వు తూకం రద్దు చేశానని ఒక్క మాటంటే మనిషి బతుకుతాడని.

ఆయన పంచె కుచ్చిళ్ళు సర్దుకుంటూ విన్నాడు.

"పెద్దల్లో అయిన మాట మణెమ్మా. ఇప్పుడు తూకం ఆపితే రోగం ఉందని మీరే ఒప్పుకున్నట్టు. అంత నీరైతే పండగయినాక ఆసుపత్రికి తీసకపో. ఒక్క వారమే గదా," అన్నాడు.

ఆయనకు తెలుసు. ఇది మీరు గుర్తుపెట్టుకోండి. ఊళ్ళో ఎవరికీ తెలియకపోవచ్చు, ఆయనకు తెలుసు.

పండగరోజు మాత పల్లకీ తిరిగొచ్చాక కాటా వేలాడదీశారు. గొలుసులకి బంతిపూలు కట్టారు. అంతోని కొత్త తెల్లచొక్కా వేసుకున్నాడు, గుండీలు పట్టక రెండు వదిలేశాడు. సత్తార్ గుడి వెనకే లారీ పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. తూకం అవగానే సాగర్ వెళ్ళిపోవాలని మా ఏర్పాటు.

బెల్లం దిమ్మలు పేర్చారు. అంతోని కూర్చున్న పలక లేవలేదు. ఇంకా పేర్చారు. మా అత్త తెచ్చిన బెల్లం అయిపోతే కొట్లోంచి ఇంకా తెప్పించారు. పలక పైకి లేచినప్పుడు గుడి దద్దరిల్లింది. డప్పులు మోగాయి, టపాకాయలు పేల్చారు. ఆడవాళ్ళు వచ్చి మా అత్త చేతుల్లోంచి బెల్లం తీసుకుని అక్కడే నోట్లో వేసుకున్నారు. నా బిందెను తన్నిన మనిషి బోరింగు నీళ్ళు చెంబుతో తెచ్చి, "తాగు మణెమ్మా," అంది. నేను ఆ చెంబు ముట్టుకోలేదు. నా కళ్ళు అంతోని పెదాల మీద ఉన్నాయి. అవి నల్లబడుతున్నాయి.

"లేపండి, లారీ ఎక్కించాల," అన్నాను.

"ఉండమ్మా, సాక్ష్యం చెప్పనీ," అని యేసుపాదం మైకు ఆయన నోటి దగ్గర పెట్టాడు. "అంతోనీ, మాత నీకు చేసిన మేలు గురించి రెండు మాటలు చెప్పయ్యా."

ఆయన రెండు మాటలు చెప్పలేకపోయాడు. మైకులో ఊపిరి మాత్రం వినపడింది, గరగరమని, ఊరంతటికీ. జనం అది ఏడుపనుకున్నారు. సంతోషంతో ఏడుస్తున్నాడని వాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు. నేనూ సత్తారూ ఆయన్ని పలక మీదినుంచి లాగి, జనాన్ని తోసుకుంటూ లారీ ఎక్కించాం. ఆయన నోట్లోంచి నురగ వచ్చింది, లేత ఎర్రగా. నా ఒళ్ళో కూర్చునే, పడుకోలేక కూర్చునే, మాచర్ల దాటకముందే పోయాడు. చివరగా అన్నది పిల్ల పేరు కూడా కాదు. "కిటికీ తియ్యి" అన్నాడు. కిటికీ తీసే ఉంది.

మర్నాడు శవపెట్టె మోయడానికి ఊళ్ళో మగవాళ్ళు పోటీలు పడ్డారు. అంతోని రోగం లేని మనిషిగా చచ్చిపోయాడు కదా మరి! బెల్లం అరిగి ఉండదు ఇంకా. నాదెండ్లనుంచి వచ్చిన సెలీనను ఆడవాళ్ళు ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. యేసుపాదం ముందు నడుస్తూ ప్రార్థన చదువుతున్నాడు. నేను నోరు మూసుకుని నడిచాను. మూసుకుంటే చాలు, బోరింగు నాది, బెంచీ నాది, పిల్లకు బడి ఉంటుంది. అంతోని దానికోసమే పోయాడు. నిజంగానే మూసుకోవాలనుకున్నాను.

సగం దారిలో పెట్టె మోస్తున్నవాడు భుజం మార్చుకుంటూ వెనకవాడితో అన్నాడు.

"ఏం బరువున్నాడ్రా నాయనా! ఆ రోగమే ఉంటే ఇంత బరువుంటాడా? అనవసరంగా అనుమానించాం పాపం."

పాపమట!

"నీళ్ళురా అవి!" అని అరిచాను. "మీరు మోస్తంది కండ కాదు, నీళ్ళు! రోగం ఉంది. బొంబాయి కాగితం నిజం. గుండె చెడి ఒళ్ళంతా నీళ్ళు పడితే, మీ కాటాలో తూగాలని మందులు ఉమ్మేసి చచ్చాడు! మందు ఉందిరా ఆయనకి! మీ బోరింగు నీళ్ళ కోసం చచ్చాడు!"

పెట్టె దించేశారు. రోడ్డు మీదే, ఎండలో. అందరూ ఒకేసారి చేతులు పంచెలకి తుడుచుకుంటూ వెనక్కి జరిగారు. సెలీన దగ్గరున్న ఆడవాళ్ళు దాన్ని ఒంటరిగా వదిలేసి పక్కకి పోయారు. ఆయన ప్రాణం పెట్టి కొన్నదంతా ఒక్క నిమిషంలో పోయింది. పోతే పోయింది. అంత చవకబారు మనుషుల దగ్గర కొన్నది నాకొద్దు.

మా అత్త నావైపు చూసింది. తిడుతుందనుకున్నాను. చెంగు నడుముకి దోపుకుని వచ్చి పెట్టె ముందువైపు ఒక కొస పట్టుకుంది. సత్తార్ వెనకవైపు పట్టుకున్నాడు. నేను సత్తార్ పక్కన కొస పట్టుకున్నాను. మా అత్త పక్కన కొస ఖాళీగా ఉంది. లేపబోతే లేవలేదు.

యేసుపాదం ప్రార్థన పుస్తకం మూసి, జనంలో కలిసిపోబోతున్నాడు. పోయి ఆయన మణికట్టు పట్టుకున్నాను. గింజుకున్నాడు. నేను వదల్లేదు.

"నీకు తెలుసు. నీ గుమ్మంలో నిలబడి చెప్పా. పట్టు."

"చేతికి ఏదన్నా గుడ్డ... గుడ్డ ఇయ్యమ్మా," అన్నాడు, చుట్టూ చూస్తూ.

"గుడ్డ లేదు. చేత్తో పట్టు."

పట్టుకున్నాడు. నలుగురం లేపాం. సెలీన ముందు నడిచింది. శ్మశానం ఇంకా దూరం. యేసుపాదానికి చెమటలు కారిపోయాయి, భుజం వాలిపోయింది. కాస్త దించుదామమ్మా, ఊపిరాడడం లేదు అన్నాడు. దించకుండా నడవమన్నాను.